తిట్టే డాక్టరు, మా పెరటి గుమ్మం

“తిడతాడు గానీ హస్తవాసి మంచిది.” మా ఊళ్ళో మా ఆయన గురించి ఎవర్ని అడిగినా ముందు ఈ మాటే అంటారు. నేను ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో, 2003లో, కిరాణా కొట్టు దగ్గర మొదటిసారి విన్నాను. అప్పుడు గర్వంగా అనిపించింది. ఇరవై ఏళ్ళు దాటాక అదే మాట వింటే ఇప్పుడు భయమేస్తుంది. ఆ ‘తిడతాడు’ అన్న మాట వెనకాల జనం ఎన్ని సంగతులు దాచుకుంటున్నారో నేను కళ్ళారా చూశాను కాబట్టి.

ఇది మా ఆయన మీద ఫిర్యాదు కాదు. రాసే ముందు ఆయనకి చెప్పాను, రాశాక చదివి వినిపించాను. ఒకచోట “ఇది ఇలా జరగలేదు” అన్నారు, అక్కడ దిద్దాను. మిగతాది వింటూ మధ్యలో లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకున్నారు. నేను అనేది ఒక్కటే. కోపిష్టి డాక్టరే నిజమైన డాక్టరు అని మనం ఊరూరా చెప్పుకుంటున్నాం. ఆ మాట తప్పు. తిట్టు రోగి నోరు మూయిస్తుంది, నోరు మూసుకున్న రోగికి సరైన వైద్యం చెయ్యడం ఎవరి వల్లా కాదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల మేర పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. పచ్చదనానికి పేరున్న ఈ నేల పేరు చెప్తే ఇప్పుడు బయటివాళ్ళకి గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. సుగరూ బీపీ లేనివాళ్ళకి, ఎండలో కష్టపడి పనిచేసే వయసు వాళ్ళకి కూడా వస్తుంది. నీళ్ళన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, ఎన్నో పరీక్షలు జరిగాయి. ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్ళు తెచ్చారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అంతకు ముందు పెద్ద వైద్యం కావాలంటే చాలామంది రైలెక్కి విశాఖ పోవాల్సొచ్చేది. మా దగ్గర అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా తమ ‘క్రియాటిన్’ ఎంతో నోటికి వచ్చు. అంటే క్రియాటినిన్, కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే అంకె. పెళ్ళి పందిట్లో ఎదురుపడితే “నీదెంతుంది?” అని అడుగుతారు. ఒకటీ పాయింటు రెండు అంటే ఊపిరి పీల్చుకుంటారు. నాలుగు అంటే పక్కవాళ్ళు ఆ మనిషి చెయ్యి పట్టుకుంటారు.

ఈ జబ్బుకి మొదట్లో లక్షణాలు ఉండవు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాళ్ళు వాచి, తిన్నది ఇమడక, ఆయాసం వచ్చేసరికి కిడ్నీల్లో చాలా భాగం పోయి ఉంటుంది. అందుకే ఇక్కడి డాక్టరుకి రోగి నోటి మాట అంత ముఖ్యం. ఏం తాగుతున్నాడు, ఏం మింగుతున్నాడు, ఒంటికి నీళ్ళు సరిగ్గా పోతున్నాయా, ఇవి అడిగి తెలుసుకోవాలి. ముఖ్యంగా నొప్పి బిళ్ళల సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మెడికల్ షాపులో అడిగితే చీటీ లేకుండా ఇచ్చేస్తారు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుకోవడానికి పాకులాడుతుంది. ఈ బిళ్ళ సరిగ్గా ఆ పనికే అడ్డుపడుతుంది. ఎప్పుడో ఒకటి వేసుకుంటే వేరు. నెలల తరబడి రోజూ మింగితే, అందులోనూ ముందే నీరసించిన కిడ్నీ అయితే, అది మళ్ళీ పూర్తిగా కోలుకోకపోవచ్చు.

మా ఆయన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. మధ్యలో రెండుసార్లు వేరేచోటికి బదిలీ అయినా ఇల్లు ఇక్కడే ఉంచాం, మళ్ళీ ఇక్కడికే వచ్చారు. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. పుట్టిల్లు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర. మా ఇంట్లో అందరూ గలగలా మాట్లాడేవాళ్ళే. ఈయన పెళ్ళిచూపుల్లో నన్ను రెండు ప్రశ్నలు అడిగారు, రెండూ నా ఆరోగ్యం గురించే.

మా ఇంటికి రెండు గుమ్మాలు. వీధి వైపు అరుగుంది, సాయంత్రాలు అక్కడ రోగులు కూర్చుంటారు. డబ్బు తీసుకోరు, తిట్లు మాత్రం ధారాళం. “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?”, “నీకు చెప్పానా లేదా?”, “చావాలనుందా?” ఈ మూడూ రోజూ వినపడతాయి. పెరటి వైపు గిలక బావి, మునగచెట్టు, చిన్న తలుపు. వీధి గుమ్మంలో మందు చీటీ తీసుకున్న మనిషి ఇంటి చుట్టూ తిరిగి పెరటి గుమ్మానికొచ్చి నన్ను పిలవడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు.

“అమ్మా, ఈ బిళ్ళ తిండికి ముందా, తరవాతా?”

“ఇప్పుడే కదా ఆయన దగ్గర్నుంచి వచ్చావు, అడక్కపోయావా?”

“అమ్మో, తిట్టీసినారమ్మా.”

మొదట్లో ఇలాంటి చిన్న ప్రశ్నలే. తర్వాత పెద్దవి వచ్చాయి. ఒకతను టీబీ మందులు మొదలుపెట్టిన వారానికి ఆపేశాడు. ఆ మందుల్లో ఒకటి వేసుకుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. దాంతో ప్రమాదం లేదు, ముందే చెప్తే ఎవరూ భయపడరు. ఇతను రక్తం పోతోందనుకున్నాడు. అడిగితే “నువ్వు డాక్టరువా నేను డాక్టర్నా” అంటారని అడగలేదు. ఆరు నెలలు మానకుండా వాడాల్సిన మందు, మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తే మందు. ఆ సంగతి అతని భార్య మా మునగచెట్టు కింద నిలబడి నాతో చెప్పింది. నేను లోపలికి వెళ్ళి ఆయనకి చెప్పాను. ఆయన అప్పటికప్పుడు బండి తీసి వాళ్ళింటికి వెళ్ళారు. వెళ్ళి మందు మళ్ళీ మొదలుపెట్టించారు, కానీ వీధి వీధంతా వినేలా తిట్టి మరీ మొదలుపెట్టించారు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు మా పెరట్లోకి కూడా రాలేదు.

ఇక్కడే చెప్పాలి, ఇందులో నా తప్పూ ఉంది. పెరటి గుమ్మంలో నేను ఓర్పుగా వినేదాన్ని, వాళ్ళు వెళ్ళాక ఆయనకి మెల్లిగా అందించేదాన్ని. అందరూ నన్ను తల్లీ అనేవారు. నాకది బావుండేది. నేనలా మధ్యలో నిలబడ్డం వల్లే ఆయన గొంతు మారాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇరవై ఏళ్ళు ఆ గొంతుని నేనే కాపాడాను.

మా పక్కింటి మామ్మ సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకెళ్ళలేను.

ఆవిడకి అరవై దాటాయి. కొడుకులిద్దరూ వలస వెళ్ళారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆవిడ పెరట్లో, తోటలో కలిపి ఇరవై మూడు కొబ్బరిచెట్లు కూలిపోయాయి. ఒక్కటి మిగిలింది. అప్పట్నుంచి ఆవిడ రోజూ పొద్దున్నే ఆ మిగిలిన చెట్టుకి ఆనుకుని నిలబడి, లేని చెట్లన్నీ పైకే లెక్కపెడుతుంది. ఒట్టి అంకెలు కాదు. “బావి మూల సెట్టు ఒకటి. పెద్దోడు పుట్టినప్పుడు ఏసింది రెండు. మావయ్య పడిపోయిన సెట్టు మూడు.” ఇలా ఇరవై మూడు దాకా. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడకి మతి చలించిందనుకుంటారు. ఆవిడ మతి శుభ్రంగా ఉంది. మా ఇంట్లో పాలు ఎన్ని గంటలకి పొంగుతాయో కూడా ఆవిడకి తెలుసు.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళి గంటల తరబడి నేల మీద కూర్చోవాలి. ఒకరోజు చోడి అంబలి గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. ఎనిమిది నెలలుగా రోజుకి రెండు నొప్పి బిళ్ళలు వేసుకుంటోందట. “బిళ్ళ ఏసుకుంతేనే లెగుస్తున్నానమ్మా, నేకపోతే నేను. బాబుగోరితో సెప్పకండి. మీకు దండం పెడతాను.” నా చేతిలో చెయ్యి వేయించుకుంది.

అప్పటికి నాలుగు రోజుల ముందే మా ఆయన ఆవిణ్ణి అడిగారు. ఎలా అడిగారో నేను విన్నాను, అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. “ఏం, నొప్పి బిళ్ళలు గానీ మింగుతున్నావా? మింగావో, మళ్ళీ నా గుమ్మం ఎక్కకు.” ఆవిడ “నేదు బాబూ” అంది. ఆ ప్రశ్నకి అంతకంటే వేరే జవాబు ఎవరిస్తారు? జవాబు ఏమై ఉండాలో ప్రశ్నలోనే చెప్పేశారు. కేసు కాగితం మీద ‘నొప్పి మందులు: లేవు’ అని రాసుకున్నారు. డాక్టరుగా ఆయన అడగాల్సింది అడిగారు, రాయాల్సింది రాశారు. రాసింది అబద్ధం.

నేను పదకొండు రోజులు ఊరుకున్నాను. ఒట్టు వేశాను కదా అని. ఈ పదకొండు రోజుల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే రాస్తున్నాను. ఆ తర్వాత క్యాంపులో తీసిన రక్తం రిపోర్టు వచ్చింది. అంతకు ముందు ఏడాది 1.1 ఉన్న క్రియాటినిన్ 2.3 అయింది. మా ఆయన ఆ కాగితం పట్టుకుని వీధి గుమ్మంలో కేకలు వేశారు, ఆవిడ తల వంచుకుని మళ్ళీ “నేదు బాబూ” అంది. ఆ రాత్రి నేను ఒట్టు తీసి గట్టు మీద పెట్టి చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అన్నం పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. బిళ్ళలు మానిపించాక రెండు నెలలకి అంకె 1.6కి దిగింది. అక్కడే ఆగింది. మళ్ళీ 1.1 రాలేదు, రాదని ఆయన అన్నారు.

మా వాడు ఎంబీబీఎస్ చదువుతున్నాడు. సెలవులకొచ్చినప్పుడు వాడితో ఇదంతా చెప్పాను. వాడు ఒక పాత పరిశోధన గురించి చెప్పాడు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు, డాక్టర్లూ రోగులూ మాట్లాడుకున్న 74 సందర్భాలు రికార్డు చేసి విన్నారట. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు అడ్డు తగలడానికి సగటున పట్టిన సమయం 18 సెకన్లు. మొదలుపెట్టిన మాట చివరిదాకా చెప్పగలిగిన రోగులు నూటికి 23 మంది. వాళ్ళెవరూ తిట్టే డాక్టర్లు కారు, మామూలు డాక్టర్లు. అక్కడే అలా ఉంటే, అరుగు మీద పాతికమంది వింటుండగా తల వంచుకు నిలబడే మా మామ్మకి ఎన్ని సెకన్లు దొరుకుతాయి? వాళ్ళ కోర్సులో 2019 నుంచి రోగితో ఎలా మాట్లాడాలో కూడా పాఠంగా పెట్టారట. వాళ్ళ నాన్న విశాఖలో చదివిన రోజుల్లో అలాంటి పాఠం లేదు. పెద్ద డాక్టర్లు వార్డులో ఎలా అరిస్తే వీళ్ళూ అలా అరవడం నేర్చుకున్నారు.

తరగతి గదిలో నాకిది ముప్పొద్దులా కనిపించేదే. తిట్టే టీచరు క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. బయటినుంచి చూసినవాళ్ళు ఎంత క్రమశిక్షణ అంటారు. “అర్థమైందా?” అంటే నలభై తలలూ ఊగుతాయి. పరీక్ష పెట్టాకే తెలుస్తుంది ఎవరికి ఏం రాలేదో. బళ్ళో అయితే మళ్ళీ చెప్పుకోవచ్చు. కిడ్నీకి ఆ వెసులుబాటు లేదు.

దీనికి మా ఊళ్ళో ఒక ఎదురు మాట ఉంది. “తియ్యగా మాట్లాడేవాడు మోసం చేస్తాడు, తిట్టేవాడు మన మంచి కోరతాడు.” దానికి ఉదాహరణగా ఆర్‌ఎంపీని చూపిస్తారు. నవ్వుతూ వస్తాడు, సైకిలు దిగుతూనే గేదె ఈనిందా అని అడుగుతాడు, మంచం మీద కూర్చుంటాడు, సూది పొడిచి వెళ్తాడు. ఆ సూదిలో ఏముందో ఎవరికీ తెలీదు. చాలాసార్లు అది స్టెరాయిడ్ కావచ్చని మా ఆయన మొత్తుకుంటారు, ఆయన మాటే నిజం. అయినా జనం అతని దగ్గరికే ముందు ఎందుకు వెళ్తారు? డబ్బిచ్చి మరీ ఎందుకు వెళ్తారు? అతను మంచం మీద కూర్చుంటాడు కాబట్టి. చదువున్న మనిషి దగ్గర చెవి లేదు, చెవి ఉన్న మనిషి దగ్గర చదువు లేదు. ఈ రెంటిలో ఒకటే దొరుకుతుందని, రెండోది అడగడం అత్యాశ అని ఊరు ఎప్పుడో ఒప్పేసుకుంది. నేను ఒప్పుకోను.

ఆయన వైపు మాటా చెప్పాలి. ఆయన్ని ఈ లోకంలో నాకంటే ఎక్కువ దగ్గరగా చూసినవాళ్ళు లేరు.

ఓపీ పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఏడు గంటలు, 420 నిమిషాలు. తొంభై మంది వచ్చిన రోజు మనిషికి అయిదు నిమిషాలు కూడా పడవు. అందులోంచి ఆన్‌లైన్ ఎంట్రీలు, వీడియో కాన్ఫరెన్సులు, రిజిస్టర్లు తీసేయండి. ఎన్ని మిగులుతాయి? రెండో డాక్టరు సెలవులో ఉంటే అవీ మిగలవు. తిత్లీ వచ్చిన రోజు కరెంటు స్తంభాలన్నీ వాలిపోతే, రోడ్డు మీద పడ్డ చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్ళి, టార్చిలైటు వెలుగులో కాన్పు చేసి వచ్చారు. మా ఎదురు వీధిలో మైకు సెట్టతను ఉన్నాడు. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరింటికి “హలో, హలో, మైక్ టెస్టింగ్” అంటూ వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చారో కూడా చెప్పేస్తుంటాడు. ఆ వారమంతా అతను జనరేటర్‌కి మైకు తగిలించి, డాక్టరు బాబు ఎక్కడున్నారో, ఎటు వెళ్తున్నారో గంటగంటకీ చెప్పాడు. దానివల్ల ఎంతమంది సమయానికి చేరారో. ఆ వారంలో మా ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అంత అలసటలో, అంత టెన్షన్‌లో, ఒక్కర్ని కూడా. అంటే కోపం అలసట వల్లే వస్తుందన్నది పూర్తి నిజం కాదు.

కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో అప్పుడప్పుడు కసిరినా ఆయన ఇంత కటువుగా ఉండేవారు కాదు. కొబ్బరికాయలు దింపే ఒకతను ఉండేవాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. మూత్రంలో తేడా కనిపించి మా ఆయన మూడుసార్లు మెల్లిగా, భుజం మీద చెయ్యేసి మరీ చెప్పారు, పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకోమని. వెళ్ళలేదు. రెండేళ్ళకి కాళ్ళూ మొహం వాచి వచ్చాడు. తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. దహనానికి వెళ్ళొచ్చిన రాత్రి ఈయన అన్న మాట నాకు గుర్తుంది: “మెత్తగా చెప్పాను, అందుకే వినలేదు.” ఆ రోజునుంచి గొంతు మారింది. నాకు తెలిసి ఆ కేకలన్నీ ఆ ఒక్క మనిషికే. ఇంకొకరు అలా పోకూడదన్న తాపత్రయమే.

కానీ అతను వెళ్ళకపోవడానికి కారణం అది కాదు. అతని భార్య ఎన్నో ఏళ్ళ తర్వాత మా పెరట్లో చెప్పింది. పెద్దాసుపత్రికి వెళ్ళిరావాలంటే రెండు రోజుల కూలి పోతుంది, ఛార్జీలకి మళ్ళీ అప్పు చెయ్యాలి. అప్పటికే అప్పుంది. ఆ సంగతి డాక్టరుకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. మెత్తగా చెప్పినా, గట్టిగా చెప్పినా అతను వెళ్ళేవాడు కాదు. “వెళ్ళడానికి ఏం ఇబ్బంది?” అని ఎవరైనా అడిగి ఉంటే ఏమో. ఒక చావు నుంచి మా ఆయన తప్పు పాఠం నేర్చుకున్నారు, ఆ పాఠాన్ని పదిహేనేళ్ళు ఊరి మీద ప్రయోగించారు. ఈ మాట ఆయనకి చదివి వినిపించినప్పుడే లేచి మొక్కల దగ్గరికి వెళ్ళారు.

రిటైరైన మాస్టారి సంగతి కూడా రాయాలి, మొదటి మార్పు ఆయన వల్లే వచ్చింది. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. షాపు బోర్డుల మీద, గోడ రాతల మీద తప్పులు కనిపిస్తే దిద్దుతారు. ఒత్తు మర్చిపోతే పెడతారు, దీర్ఘం ఎక్కువైతే కొట్టేస్తారు. ఆయనకి బీపీ. ఇంట్లో మిషను కొనుక్కుని రోజుకి మూడుసార్లు చూసుకుని రూళ్ళ పుస్తకంలో రాసుకుంటారు. ఇంటి అంకెలు నీలి సిరాతో, ఆసుపత్రి అంకెలు ఎర్ర సిరాతో. ఒకరోజు ఆ పుస్తకం నా చేతికిచ్చి “అమ్మాయ్, ఇది నువ్వు చూడు, ఆయనకి చూపించడానికి నాకు ధైర్యం చాలడం లేదు” అన్నారు. నీలి అంకెలన్నీ 130, 134, 128. ఎర్ర అంకెలు 168, 172, 166. ఆ ఎర్ర అంకెలు చూసి మా ఆయన రెండో బిళ్ళ కలిపారు. అది వేసుకున్నాక మాస్టారు మంచం మీంచి లేస్తూ కళ్ళు తిరిగి బావి గట్టు దగ్గర పడిపోయారు. అదృష్టం, మోచెయ్యి గీసుకుపోవడంతో పోయింది.

డాక్టరుని చూడగానే బీపీ పెరగడం వైద్యంలో తెలిసిన సంగతే, దానికి పేరు కూడా ఉంది, ‘వైట్ కోట్’ బీపీ అంటారు. అందుకే కొలిచేముందు మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకి ఆనిక ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడించకూడదు. ఇదంతా మా ఆయనకి నాకంటే బాగా తెలుసు. తిట్టాక కొలిస్తే వచ్చే అంకెలో ఆ తిట్టు కూడా ఉంటుందన్నది మాత్రం తట్టలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేనేమీ అనకుండా పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. నీలం, ఎరుపు, నీలం, నీలం, ఎరుపు. పేజీలు తిప్పుతూ ఉండిపోయారు. మర్నాడు ఓపీ గది బయట, ఫ్యాను కింద, వీపు ఆనే బల్ల ఒకటి వేయించారు. బీపీ ఇప్పుడు అక్కడ నర్సమ్మ చూస్తుంది, అయిదు నిమిషాలాగి. మాస్టారి రెండో బిళ్ళ తీసేశారు.

అయినా నా సొంత సంగతి రాయకపోతే ఇదంతా ఊరి గురించే రాసినట్టవుతుంది. కిందటేడు నాకు నెలసరి ఆగకుండా పోయేది. అయిదు నెలలు. మెట్లెక్కితే ఆయాసం, బోర్డు మీద రాస్తుంటే చెయ్యి వణికేది. ఇంట్లో డాక్టరుని పెట్టుకుని నేను చెప్పలేదు. “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?” అంటారని, రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ అయిదు నెలలు గడిపేశాను. పదో తరగతిలో పద్యం చెప్తూ పడిపోయాను. పిల్లలు మొహం మీద నీళ్ళు చల్లి, ఆటోలో తీసుకెళ్ళారు. హిమోగ్లోబిన్ 7.1. ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఆయన పరుగున వచ్చారు, చేతులు చల్లగా ఉన్నాయి. మంచం పక్కన నిలబడి అడిగారు, “ఎందుకు చెప్పలేదు?” అదే గొంతు. అరుగు మీది గొంతు.

“ఇదిగో, ఈ గొంతుకే,” అన్నాను.

మా ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. గర్భసంచిలో గడ్డ తేలింది, ఐరన్ ఎక్కించారు, తర్వాత ఆపరేషనూ అయింది, ఇప్పుడు బావున్నాను. కోలుకుని ఇంటికొచ్చాక నేను ఒక మాట చెప్పాను: “ఇకమీదట పెరటి గుమ్మంలో నేను వినను. వచ్చినవాళ్ళని వీధి గుమ్మానికి తీసుకొస్తాను. మీరే అడగండి, మీరే వినండి.”

తేలికేం కాలేదు. మొదటి నెల వచ్చినవాళ్ళు నామీద అలిగారు. ఆయన నోరు కూడా ఒక్కరోజులో మారలేదు, ఇప్పటికీ కొన్ని రోజులు పాత ధోరణే. అప్పుడు నేను లోపలినుంచి దగ్గుతాను. కానీ ప్రశ్నలు మారాయి. “బిళ్ళలు మింగుతున్నావా?” అనడం మానేసి “నొప్పి ఎక్కువైతే ఏం వేసుకుంటున్నావు? ఎవరిచ్చారు? రోజుకెన్ని?” అంటున్నారు. వేసుకోవడం మామూలే అన్నట్టు అడిగితే జనం చెప్పేస్తున్నారు. అరుగు మీద అందరి ముందూ కాకుండా ఒక్కొక్కర్నే లోపలి గదిలోకి పిలుస్తున్నారు.

ఇది ఒక్క మనిషి స్వభావం మారితే సరిపోయే వ్యవహారం కాదని నాకు తెలుసు. నవ్వుతూ మాట్లాడమని డాక్టర్లకి ట్రైనింగ్ పెట్టి, ఓపీలో తొంభై మందిని అలాగే ఉంచితే ఏమీ మారదు. రెండో డాక్టరు నిజంగా కుర్చీలో ఉండాలి. ఎంట్రీలు చెయ్యడానికి వేరే మనిషి ఉండాలి. గదికి తలుపుండాలి, పక్కవాళ్ళు వినకుండా. ఇవి ప్రభుత్వాన్ని అడగాల్సినవి, గట్టిగా అడగాలి. ఊరిని నేను అడిగేది మాత్రం ఇంకోటి. “తిడతాడు గానీ హస్తవాసి మంచిది” అని మురిసిపోవడం ఆపండి. మీ డాక్టరు మిమ్మల్ని తిడితే, ఆయన ఎంత మంచివాడైనా, “బాబూ, మీరలా అంటే నేను చెప్పలేను” అని ఆయన మొహం మీదే అనండి. నాకు ఆ మాట అనడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది.

మొన్న వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం పక్కింటి మామ్మ పెరట్లోకొచ్చి నిలబడింది. పైట కొంగు నలుపుతోంది. ఏదో ఉందని తెలిసిపోయింది. చెయ్యి పట్టుకుని ఇంటి పక్కనుంచి వీధి అరుగు మీదికి తీసుకొచ్చాను. వానకి ఇంకెవరూ లేరు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆవిడ కూర్చోలేదు. ఆయనే జరిగి చోటిచ్చారు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“మీ చెట్టు బావుందా మామ్మా? గెలేసిందా?” అని అడిగారు ఆయన.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత వానలోకి చూస్తూ మొదలుపెట్టింది. బావి మూల సెట్టు ఒకటి. పెద్దోడు పుట్టినప్పుడు ఏసింది రెండు. నేను గుమ్మంలో నిలబడి ఆయన చేతులు చూస్తున్నాను. వేళ్ళు ఒకసారి కదిలాయి, మళ్ళీ మోకాలి మీద ఆగిపోయాయి. పన్నెండు. పదమూడు. తుపాను ముందురోజు కాయలు దింపిన సెట్టు పద్నాలుగు. ఆయన తల కదపలేదు, గడియారం చూడలేదు. ఇరవై మూడూ అయ్యాయి. ఆవిడ ఊపిరి పీల్చుకుని, రొండిన దోపుకున్న సంచీ విప్పి, అందులోంచి ఒక పేపరు పొట్లం తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“సంతలో ఒకడిచ్చినాడు బాబూ, మోకాళ్ళకని. పొడుం. పది రోజులై తింతన్నాను.”

ఆయన పొట్లం విప్పి, పొడి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశారు.

“నొప్పి ఏమైనా తగ్గిందా?” అన్నారు.